మ్యాపు ఝాన్సీ

నాగాయలంకలో ఝాన్సీలు ముగ్గురున్నారు. జాకెట్లు కుట్టే ఝాన్సీ, అంగన్‌వాడీ ఝాన్సీ, మ్యాపు ఝాన్సీ. ఇది మూడో ఆవిడ సంగతి.

మ్యాపు ఝాన్సీ పెళ్ళిళ్ళకీ, చర్చి పండగలకీ, పడవ పందేలకీ డ్రోన్ ఎగరేసి వీడియో తీస్తుంది. ఎవరు పిలిచినా, వాళ్ళు చేతికిచ్చిన కాఫీ పక్కన పెట్టి ముందు ఫోన్ తీస్తుంది. అందులో ప్రభుత్వం వాళ్ళ డ్రోన్ మ్యాపు ఉంటుంది. తను నిలబడ్డ చోటు ఆకుపచ్చగా ఉంటే ఎగరేయవచ్చు. పసుపుగా ఉంటే విమానాల రాకపోకలు చూసేవాళ్ళని అడగాలి. ఎర్రగా ఉంటే పైనుంచి అనుమతి రానిదే పెట్టె మూత కూడా తియ్యకూడదు. ఈ చూడటం ఆమెకి ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి చుట్టాలింటికి భోజనానికి వెళ్ళి, డ్రోన్ ఇంట్లోనే వదిలేసి వచ్చినా సరే, గుమ్మంలో నిలబడి మ్యాపు చూసి, "ఇక్కడ పచ్చగానే ఉందండీ" అని చెప్పి అప్పుడు చెప్పులు విప్పింది. ఆ ఇంటివాళ్ళే ఈ పేరు పెట్టారు. వారం తిరక్కుండా ఊరంతా అందుకుంది.

ఆమె తండ్రి తోమాసు ఒకప్పుడు సెంటర్లో ఫొటో స్టూడియో నడిపాడు. స్టూడియో గోడకి మంచుకొండల బొమ్మ ఉన్న పరదా వేలాడేది. చేపల వేటకి పోయేవాళ్ళు కొత్త చొక్కాలు తొడుక్కుని, జుట్టుకి నీళ్ళద్దుకుని వచ్చి, జన్మలో చూడని ఆ మంచు ముందు చేతులు కట్టుకు నిలబడి ఫొటో దిగేవాళ్ళు. ఝాన్సీ ఇంటర్ పూర్తయ్యేసరికి కెమెరా పట్టడం వచ్చేసింది. కానీ ఆమెకి పని వచ్చిన ఏడాదే ఊళ్ళోవాళ్ళందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేశాయి. తోమాసు పరదా చుట్టి అటక మీద పెట్టి, స్టూడియోలో జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. ఝాన్సీ పెళ్ళి వీడియోలు తీస్తూ నెట్టుకొచ్చింది. అభిషేక్‌ని చేసుకున్నాక కూడా ఆ పని మానలేదు. అభిషేక్ రొయ్యల చెరువులకి ఐసు తోలే వ్యాను నడుపుతాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళాం కెమెరా సంచి మొయ్యడం తన ఉద్యోగంలో భాగమన్నట్టే ఉంటాడు.

గుడివాడలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, ఎవరో హైదరాబాదు వాళ్ళు తెచ్చిన డ్రోన్ చూసింది ఝాన్సీ. అది లేచిన దగ్గర్నుంచి దిగేదాకా ఆమె తన కెమెరా సంగతే మర్చిపోయింది. తాళి కట్టే ఘట్టం తప్పిపోయేదే. అభిషేక్ మోచేత్తో పొడిచాడు. ఆ తర్వాత ఏడాదిన్నరకి శిక్షణకి వెళ్ళి, పరీక్ష రాసి, పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. డ్రోన్ కొని, దానికి నంబరు తీసుకుని, ఆ నంబరు దాని పొట్ట మీద అంటించింది. అత్తగారు ఆనందమ్మ కొత్త డ్రోన్ ముందు మోకరించి, "ప్రభువా, దీన్ని చెట్లకీ కరెంటు తీగలకీ దూరంగా నడిపించు" అని ప్రార్థన చేసింది. మొదటిసారి ఎగరేసినప్పుడు ఝాన్సీకి ఫోన్ తెరమీద కృష్ణ పాయ కనబడింది, చేపల చెరువులు కనబడ్డాయి, మేడ మీద ఎండు చేపలు తిరగేస్తూ పైకి చూసి చెయ్యెత్తి దీవిస్తున్న అత్తగారు కనబడింది.

అప్పట్లో ఝాన్సీ మ్యాపు చూసేది కాదు. శిక్షణలో చెప్పారు, పరీక్షలో రాసింది, అక్కడితో మర్చిపోయింది. మా ఊళ్ళో విమానాశ్రయం ఉందా ఏమన్నానా అనుకుంది.

రెండేళ్ళ క్రితం ఏటి ఒడ్డున పడవ పందేలు జరిగాయి. ఒడ్డు నిండా జనం. ఝాన్సీ డ్రోన్ పైకి పంపించి, మంచి ఊపులో ఉంది. ఇంతలో ఎవరో ఈల ఊదారు. చూస్తే పోలీసులు. ముందు నడుస్తున్నావిడ ఎస్సై లక్ష్మీదుర్గ. పొట్టిగా ఉంటుంది, నడక మాత్రం చాలా పొడుగు.

"దించండి. ముందు దించండి, తర్వాత మాట్లాడుకుందాం."

దించింది. ఆ పూట ఝాన్సీ స్టేషన్ బల్ల మీద పదింటి నుంచి ఐదింటి దాకా కూర్చుంది. అభిషేక్ పక్కనే సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొరుగూరి సభకి ఒక పెద్దాయన హెలికాప్టర్లో వచ్చాడనీ, అందుకని చుట్టుపక్కల మూడు రోజులపాటు ఎరుపు పెట్టారనీ అప్పుడు తెలిసింది. జరిమానా గురించో కేసు గురించో చెబుతుందనుకుంది ఝాన్సీ. ఎస్సై వేరే మాట చెప్పింది.

"పైలట్ దిగబోయి, మళ్ళీ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి దిగాడమ్మా. ఎందుకో తెలుసా? కింద తెల్లగా ఏదో కనబడిందట. అది మీదే. అందులో ఆరుగురున్నారు."

ఝాన్సీ తన చేతిలో ఉన్నది బొమ్మలాంటి వస్తువనీ, దానివల్ల అయితే గియితే తనకే నష్టమనీ ఇన్నాళ్ళూ అనుకుంది. ఆరుగురు మనుషులు. వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో కూడా తనకి తెలీదు.

"ఆకాశం ఖాళీగా ఉంది కదా అనుకోవద్దు. పైనుంచి వచ్చేవాడికి మీరు అన్నిసార్లూ కనబడరు" అంది ఎస్సై. ఎనిమిది రోజుల తర్వాత, కాయితం మీద సంతకం పెట్టించుకుని డ్రోన్ తిరిగి ఇచ్చింది. తన ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. "అనుమానం వస్తే అడగండి. అడిగితే తప్పు లేదు."

ఝాన్సీ అడగటం మొదలుపెట్టింది. మామూలుగా కాదు. వారానికి రెండుసార్లయినా లక్ష్మీదుర్గ ఫోన్ మోగేది. "మేడమ్, మోపిదేవిలో ఎల్లుండి ఎవరన్నా వస్తున్నారా?" "మేడమ్, మ్యాపులో పచ్చగా ఉంది గానీ రోడ్డు మీద బారికేడ్లు పెడుతున్నారు, ఏమిటి సంగతి?" మొదట్లో ఎస్సై విసుక్కుంది. ఆరు నెలలయ్యేసరికి ఆవిడే ఫోన్ చేసి, "ఝాన్సీ గారూ, బుధవారం ఏమన్నా ఒప్పుకున్నారా? ఒప్పుకోకండి" అని చెప్పడం మొదలెట్టింది.

ఈ పట్టింపు వల్ల కొన్ని బేరాలు పోయాయి. గుడివాడ పూర్ణచంద్రరావు గారి కూతురి పెళ్ళి ఉంది. ఆయన రైసు మిల్లు యజమాని, దేనికీ కాదనిపించుకునే అలవాటు లేనివాడు. గన్నవరం దారిలో పెద్ద ఫంక్షన్ హాలు మాట్లాడాడు. కూతురు పూల రథం మీద వస్తుంటే పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నట్టు తియ్యాలని ఆయన కోరిక. తీరా ఝాన్సీ అక్కడికి వెళ్ళి చూస్తే, విమానాశ్రయం దగ్గరపడింది కాబట్టి ఆ హాలు పసుపులో ఉంది.

"ఎంత పైకి పోతుందమ్మా నీ డ్రోను? కొబ్బరిచెట్టంతే కదా!" అన్నాడు ఆయన.

"అనుమతి అడిగే టైము లేదండీ. ముందే హాలు పేరు చెప్పుంటే అడిగేదాన్ని."

"అయితే నా కూతురు నేల మీద రావాల్సిందేనా?"

ఝాన్సీ హాలు చుట్టూ తిరిగి చూసింది. మూడో అంతస్తులో డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఇనప నిచ్చెన ఎక్కి, ట్యాంకు మీద బోర్లా పడుకుని కెమెరాతోనే తీసింది. కింద అభిషేక్ ఆవిడ రెండు కాళ్ళూ పట్టుకున్నాడు. వీడియో బాగానే వచ్చింది. పూర్ణచంద్రరావు గారు బాగుందని ఒప్పుకున్నారు. కానీ చిన్న కూతురి పెళ్ళికి మాత్రం వేరేవాళ్ళని పెట్టుకున్నారు.

"నువ్వు ఇట్టా మ్యాపు పట్టుకుని కూచుంటే పిలిచేవాళ్ళెవరే?" అని ఆనందమ్మ అప్పుడప్పుడూ అనేది. "నేను ప్రార్థన చేస్తున్నాను కదా, ఆ మాత్రం చాలదా?"

"మీ ప్రార్థన డ్రోనుకి అత్తయ్యా. మ్యాపు పైన వెళ్ళేవాళ్ళకి" అనేది ఝాన్సీ.

ఇలా ఉండగా మొన్న ఫిబ్రవరి అమావాస్యనాడు రత్తయ్య కనబడకుండా పోయాడు.

రత్తయ్యకి అరవై దాటాయి. సొర్లగొంది అవతల ఉప్పు తేలిన పర్రభూముల్లో గేదెల్ని మేపుకుంటాడు. పదకొండు గేదెలు. పాలు పిండే టైముకి అవే ఇంటికి వస్తాయి. ఆ రోజు సాయంత్రం రాలేదు. గేదెల్ని తోలుకొస్తానని రత్తయ్య మడ అడవిలోకి వెళ్ళాడు. అతనూ రాలేదు. అమావాస్య పోటు కదా, తెల్లవారేసరికి పాయలన్నీ నిండిపోయాయి. ఫోన్ చేస్తే స్విచాఫ్. పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు రెండు పడవల్లో వెళ్ళి కేకలు పెట్టారు. మడచెట్ల మధ్య పది అడుగుల అవతల ఏముందో కనబడదు. కేక ఎటునుంచి వస్తోందో కూడా తెలీదు. తొమ్మిదింటికి తిరిగొచ్చేశారు.

పదింటికి రత్తయ్య భార్య రావమ్మ ఝాన్సీ ఇంటి ముందు ఉంది. వెనకాల ఇరవై మంది ఉన్నారు.

"ఝాన్సమ్మా, నీ ఇమానం పంపించమ్మా. మీ బాబాయి ఏమయ్యాడో" అని రావమ్మ గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది.

ఝాన్సీ పొద్దున ఆరున్నరకే మ్యాపు చూసింది. అవనిగడ్డ దగ్గర ఏదో శంకుస్థాపన ఉంది. హెలికాప్టర్ వస్తోంది. నాగాయలంక, సొర్లగొంది, ఆ కింద సముద్రం దాకా అంతా ఎర్రగా ఉంది. సాయంత్రం నాలుగింటి దాకా ఎరుపే. అయినా మళ్ళీ ఫోన్ తీసి చూసింది. ఎర్రగానే ఉంది.

"పిన్నీ, ఇవాళ ఎగరెయ్యకూడదు. హెలికాప్టర్ తిరిగే రోజు" అంది.

జనంలో ఒక్కసారిగా గోల లేచింది.

"మనిషి ప్రాణం పోతుంటే మ్యాపు చూస్తావేంటమ్మా!"

"ఎవడు చూడొచ్చాడు అడవిలో?"

"పెళ్ళిళ్ళకయితే ఎగరేస్తావు గానీ!"

రావమ్మ గుమ్మం వదల్లేదు. అలా చూస్తూ ఉంది. ఆ చూపే ఝాన్సీకి ఎక్కువ కష్టంగా అనిపించింది. ఒక్క పది నిమిషాలు ఎగరేస్తే ఏమవుతుంది, అని ఆమెకీ అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం. పెట్టె అక్కడే ఉంది. బ్యాటరీలు నిండా ఉన్నాయి. కానీ ఆ రోజు స్టేషన్ బల్ల మీద విన్న మాట గుర్తొచ్చింది. ఈసారి హెలికాప్టర్లో ఎంతమంది ఉన్నారో.

"పిన్నీ, నేను ఎగరెయ్యనని చెప్పట్లేదు. అడుగుతానంటున్నాను. ఒక్క అరగంట నన్ను నమ్ము" అని ఎస్సైకి ఫోన్ చేసింది.

కట్ అయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్. బందోబస్తులో ఉండుంటుంది. మూడోసారి చెయ్యబోతుంటే మెసేజ్ వచ్చింది: "చెప్పండి."

ఝాన్సీ గబగబా టైపు చేసింది. మనిషి పేరు, వయసు, ఎప్పటినుంచి కనబడటంలేదు. ఎక్కడ వెతకాలి: మ్యాపు మీద వేలితో గీత గీసి ఫొటో తీసి పెట్టింది. ఎంత ఎత్తు: రెండు వందల అడుగులు, అంతకంటే అడుగు కూడా పైకి పోదు. డ్రోన్ నంబరు, తన సర్టిఫికెట్ నంబరు, రెండు బ్యాటరీలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. ఇవన్నీ ఆమె ఫోన్లో ఒకేచోట ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చివర, "మీరు దించమన్న క్షణం దించేస్తాను మేడమ్" అని రాసింది.

"ఇక్కడ కూర్చుంటే లాభం లేదు" అన్నాడు అభిషేక్. అతను అప్పటికే వ్యానులో ఐసు పెట్టెలు దింపేసి, డ్రోన్ పెట్టె ఎక్కించాడు. ఝాన్సీ, రావమ్మ ముందు కూర్చున్నారు. వెనకాల ఐసు తడిలో ఎంతమంది ఎక్కారో లెక్కలేదు. సొర్లగొంది దాటి, కట్ట చివర, మడ అడవి మొదలయ్యే చోట ఆగారు. కుర్రాళ్ళు పడవలు సిద్ధం చేసుకున్నారు. ఝాన్సీ పెట్టె తెరవలేదు. దాని మీద కూర్చుని ఫోన్ చూస్తూ ఉంది. జనం గొణుక్కుంటున్నారు.

పదకొండు పదిహేనుకి ఫోన్ మోగింది.

"ఝాన్సీ గారూ, వినండి" అంది లక్ష్మీదుర్గ. వెనకాల మైకుల గోల. "హెలికాప్టర్ దిగింది. పన్నెండున్నరకి తిరిగి లేస్తుంది. పైఆఫీసరు గారికి మీరు పంపింది యథాతథంగా చూపించాను. మనిషిని వెతకడానికి యాభై నిమిషాలు ఇచ్చారు. పదకొండు ఇరవై నుంచి పన్నెండు పది. మీరు గీసిన గీత లోపలే. రాతపూర్వకంగా పంపిస్తున్నాను. నేను లైన్లోనే ఉంటాను. ఫోన్ పెట్టెయ్యకండి."

"అలాగే మేడమ్."

"ఇంకో మాట. ఆఫీసరు గారు అడిగారు, ఈవిడ ఇన్ని వివరాలు పావుగంటలో ఎలా పంపిందీ అని. రెండేళ్ళ నుంచీ నా ప్రాణం తీస్తోంది సార్ అని చెప్పాను."

ఫోన్‌కి కాయితం వచ్చింది. ఝాన్సీ రెండుసార్లు చదివి, పెట్టె మూత తీసింది.

అభిషేక్ ఫోన్‌ని రిమోటుకి తగిలించింది. డ్రోన్ లేచింది. ఎస్సై లైన్లో ఉన్న ఝాన్సీ ఫోన్‌ని అభిషేక్ స్పీకర్లో పెట్టి పట్టుకుని, ఇంకో చేత్తో తెర మీద ఎండ పడకుండా తువ్వాలు పట్టుకున్నాడు. కింద అంతా పచ్చటి మడ. మధ్యలో వెండి తీగల్లా పాయలు. తెల్ల కొంగలు ఒక్కసారిగా లేచి పక్కకి తప్పుకున్నాయి. ఝాన్సీ పొలం దున్నినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ పక్క నుంచి ఈ పక్కకి తిప్పింది. నీళ్ళు, చెట్లు, నీళ్ళు, చెట్లు. ఒకచోట నల్లగా కనబడితే రావమ్మ "అదిగో!" అని అరిచింది. అది తిరగబడ్డ పాత పడవ. మొదటి బ్యాటరీ అయిపోయింది.

రెండోది వేసింది. టైము పదకొండు నలభై నాలుగు. ఈసారి తూర్పు పాయ వెంట నడిపింది. పదిహేను నిమిషాలు గడిచాయి. చెట్ల మధ్య ఒక మెరక వచ్చింది, రెండు కళ్ళాలంత ఉంటుంది. దాని మీద నల్లటి చుక్కలు.

"గేదెలు" అన్నాడు అభిషేక్.

ఝాన్సీ లెక్కపెట్టింది. పదకొండు. చక్కగా పడుకుని నెమరు వేస్తున్నాయి. మనిషి లేడు. రావమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "దేవుడా, గేదెలున్నాయి గానీ మనిషేడమ్మా!"

ఝాన్సీ డ్రోన్‌ని కాస్త కిందికి దించి, మెల్లగా మెరక చుట్టూ తిప్పింది. ఒక పెద్ద గేదె పక్కన సన్నగా పొగ లేస్తోంది. ఇంకొంచెం పక్కకి జరిపింది. గేదె పొట్టకి చేరగిలబడి, ఒక కాలు చాపుకుని, రత్తయ్య చుట్ట కాలుస్తున్నాడు.

డ్రోన్ చప్పుడు విని పైకి చూశాడు. చుట్ట నోట్లోంచి తీసి, తలగుడ్డ విప్పి రెండు చేతులా ఊపాడు. తర్వాత తన కాలికి చుట్టిన గుడ్డ చూపించాడు.

కట్ట మీద జనం ఈలలు వేశారు. రావమ్మ కళ్ళు తుడుచుకుని, తెరకి మొహం ఆనించి చూసింది. చూసి, నెమ్మదిగా తల ఎత్తింది.

"చుట్ట! క్రిస్మస్సుకి చర్చిలో నిలబడి మానేశానని ఒట్టేశాడమ్మా! నేను రాత్రంతా ఏడ్చి చస్తుంటే గేదె మీద ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడా!"

నవ్వులు ఇంకా ఆగకముందే అభిషేక్ చేతిలో ఫోన్ అరిచింది.

"ఝాన్సీ, దించండి! ఇప్పుడే! కార్యక్రమం త్వరగా అయిపోయింది. సముద్రం చూసుకుంటూ వెళ్దామన్నారట. మీ వైపే వస్తున్నారు."

"దించుతున్నాను మేడమ్."

"ఒక్క నిమిషం ఉంచమ్మా, పడవకి దారి చూపించు!" అని కుర్రాళ్ళలో ఒకడు అరిచాడు.

ఝాన్సీ వినలేదు. మెరక ఉన్నచోటు తెర మీద గుర్తు పెట్టేసింది. డ్రోన్‌ని చెట్ల తలల ఎత్తుకి దించి, వచ్చిన దారినే వెనక్కి తోలింది. అది కట్ట మీద వాలి రెక్కలు ఆగిన తర్వాత, "దిగింది మేడమ్" అని చెప్పింది. టైము పన్నెండూ మూడు.

నాలుగు నిమిషాల తర్వాత ఉత్తరం వైపునుంచి చప్పుడు వచ్చింది. హెలికాప్టర్ బాగా కిందుగా వచ్చింది. కట్ట మీద తువ్వాళ్ళు ఎగిరిపోయాయి. మడచెట్లు వంగిపోయాయి. సరిగ్గా ఆ తూర్పు పాయ వెంటే సముద్రం వైపు సాగిపోయింది. "పెళ్ళిళ్ళకయితే ఎగరేస్తావు గానీ" అన్నాయన వచ్చి, ఎగిరిపోయిన అభిషేక్ తువ్వాలు వెతికి తెచ్చి ఇచ్చాడు.

గుర్తు పెట్టిన చోటు కుర్రాళ్ళ ఫోన్లోకి పంపించి, ఏ పాయలోంచి ఏ పాయలోకి తిరగాలో ఝాన్సీ నోటితో చెప్పింది. రెండింటికల్లా రత్తయ్య ఒడ్డుకి వచ్చాడు. రాత్రి గేదెలు దొరికాయి గానీ, తిరిగొస్తుంటే మడ వేరు మేకులా పాదంలో దిగింది. అడుగు వెయ్యలేక మెరక మీదే ఉండిపోయాడు. ఫోన్ నీళ్ళలో పడిపోయింది. గేదె పాలు పిండుకుని తాగాడు. చలికి గేదెల మధ్య పడుకున్నాడు.

"ఏం బాబాయ్, భయమేసిందా?" అని అడిగింది ఝాన్సీ.

"రాత్రి భయం లేదమ్మా, గేదెలున్నాయిగా. ఇందాక నీ ఇమానం చప్పుడు వింటే కందిరీగలనుకుని అప్పుడు భయమేసింది" అన్నాడు రత్తయ్య. తర్వాత భార్య మొహం చూసి, "ఇప్పుడేస్తోంది" అన్నాడు.

రావమ్మ అతని చొక్కా జేబులో మిగిలిన చుట్టలు రెండూ తీసి పాయలోకి గిరాటేసి, ఆ తర్వాత అతని కాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

మరుసటి నెలలో మచిలీపట్నం నుంచి ఝాన్సీకి ఫోన్ వచ్చింది. చుట్టుపక్కల డ్రోన్లు ఎగరేసే ఫొటోగ్రాఫర్లందరినీ పిలిచి ఒక సమావేశం పెడుతున్నారట. ఆ యాభై నిమిషాలు ఇచ్చిన ఆఫీసరు గారే పేరు పెట్టి ఈవిడ్ని మాట్లాడమన్నారట.

ఝాన్సీ జీవితంలో మైకు ముందు నిలబడింది లేదు. నాలుగు కాయితాలు రాసుకుంది. ఆనందమ్మ ఈసారి కోడలి కోసమే ప్రార్థన చేసి, "మాటలు చెట్లకీ తీగలకీ తగలకుండా" అని అలవాటుగా అనేసింది. ఆవిడే నవ్వింది.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. గుడివాడ వాళ్ళు, పెడన వాళ్ళు, గూడూరు, కృత్తివెన్ను వాళ్ళు. అంతా ఈవిడ రత్తయ్య కథ చెబుతుందనుకున్నారు. ఝాన్సీ కాయితాలు మడిచి పెట్టేసింది. పడవ పందేల రోజు తను ఏం చేసిందో చెప్పింది. మ్యాపు చూడకపోవడం, స్టేషన్ బల్ల, చుట్టు తిరిగి దిగిన హెలికాప్టర్, అందులోని ఆరుగురు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ముందు వరసలో ఎస్సై లక్ష్మీదుర్గ తల వంచుకుని వింది.

వెనకనుంచి కృత్తివెన్ను ఫొటోగ్రాఫర్ హరిబాబు లేచాడు. "మేడమ్, ఇవన్నీ చూస్తూ కూర్చుంటే బేరం పోతుంది కదండీ?"

"పోతుందండీ" అంది ఝాన్సీ. "నాకు చాలా పోయాయి. ముందురోజే చూసి చెబితే కొన్ని పోవు. నేను అది ఆలస్యంగా నేర్చుకున్నాను."

అంత సూటిగా చెబుతుందనుకోలేదు ఎవరూ. హాల్లో ఒక్కసారిగా నవ్వులు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలై భోజనాల వేళ దాకా ఆగలేదు. మ్యాపులో తమ ఊరు ఎలా వెతకాలని ఒకరు, ఎరుపు ఎన్నాళ్ళుంటుందని ఒకరు. ఝాన్సీ కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యే కూర్చుంది.

భోజనాలయ్యాక ఆఫీసరు గారు అందరూ కలిసి ఒక ఫొటో దిగుదామన్నారు. మెట్ల మీద నిలబడే సమయానికి చూస్తే, మెట్ల మీద ఆఫీసరు గారూ ఎస్సై మాత్రమే ఉన్నారు. నలభై మందీ ఎదురుగా కెమెరాలు ఎత్తుకుని నిలబడ్డారు. "మీరు వెళ్ళండి", "అబ్బే, నేను తీస్తాను, మీరు వెళ్ళండి" అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. చివరికి లక్ష్మీదుర్గ గేటు దగ్గర టీ అమ్మే ఆయన్ని పిలిచి, ఝాన్సీ ఫోన్ ఆయన చేతికిచ్చింది. నలభై మందీ మెట్లెక్కారు. ఎక్కడం ఎక్కారు గానీ, ఫోన్ వంకరగా పట్టుకున్నాడనీ, వెలుగు వెనకనుంచి వస్తోందనీ, కొంచెం వెనక్కి జరగాలనీ అందరూ ఒకేసారి ఆయనకి చెప్పడం మొదలెట్టారు. టీ ఆయన ఎవరి మాటా వినకుండా నొక్కేశాడు.

ఆ ఫొటోలో నలభై మందీ నోళ్ళు తెరిచి, చేతులు చాచి ఏదో చెబుతున్నట్టు ఉంటారు. మధ్యలో ఝాన్సీ ఒక్కతే పడిపడి నవ్వుతోంది.